బ్యాంకాక్ సంతల్లో నలుగురు రోజుకు 1,000 బాట్లలో కడుపునిండా తినగలరా?

నీలాంబరి
టూరు కంపెనీ పంపిన కాగితం చూసి ఒళ్లు మండిపోయింది. బ్యాంకాక్‌లో ఉన్నన్నాళ్లూ ప్రతి రాత్రీ ఇండియన్ బఫే అట, మనిషికి 400 బాట్లు అట. బాటు మన డబ్బులో రెండున్నర రూపాయల పైమాటే. నలుగురికి ఒక్క పూటకు 4,000 రూపాయలు దాటుతోంది. అంత దూరం వెళ్లి ఇక్కడ తినే పనీర్ కూరా జీరా అన్నమే తినాలా? భోజనాలు తీసేయమని అడిగితే "బయట మీరు తినలేరు మేడమ్" అన్నారు.

మా పరిస్థితి ఇది. నేనూ మావారూ చేప, కోడి తింటాం. గొడ్డుమాంసం ముట్టం. అమ్మ శుద్ధ శాకాహారి, గుడ్డు కూడా తినదు. బాబుకు ఎనిమిదేళ్లు, కారం పడదు. అక్కడివాళ్లు రోజూ తినే సంతల్లో, ఫుడ్ కోర్టుల్లో తినాలని ఉంది. నలుగురికీ కలిపి రోజుకు 1,000 బాట్లు దాటకూడదు. అవుతుందా? ఎక్కడికి, ఏ వేళకు వెళ్లాలి, ఏమని అడగాలి?

గోదారిగట్టు
"బయట తినలేరు" అన్న మనిషి బయట ఒక్కసారైనా తిన్నాడో లేదో అడగాల్సింది.

సుఖుంవిత్ వాసి
ఉద్యోగం ఇక్కడే, బ్యాంకాక్‌లోనే, మధ్యాహ్న భోజనం దాదాపు రోజూ సంతలోనే. 1,000 బాట్లు మీకు ధారాళంగా సరిపోతాయి. ఒకటే షరతు: ఇంగ్లీషులో బొమ్మల మెనూ పట్టుకుని దారిన పోయేవాళ్లను పిలిచే చోట కూర్చోకండి.

మీరు వెతకాల్సినవి ఖావ్ కేంగ్ దుకాణాలు. వెడల్పాటి ట్రేలలో పది పదిహేను కూరలు వండి పెట్టి ఉంటాయి. ప్లేటులో అన్నం పెట్టి మీ ముఖం వైపు చూస్తారు. కావలసిన కూర వేలితో చూపిస్తే అన్నం మీద వేస్తారు. భాష అక్కర్లేదు. ఒక కూరైతే 40-50 బాట్లు, రెండైతే 50-60. ఆఫీసులున్న వీధుల్లో ఇంకో పది ఎక్కువ ఉండవచ్చు. అదే కూర విడిగా గిన్నెలో అడిగితే ధర బాగా పెరుగుతుంది, కాబట్టి ఎప్పుడూ "రాద్ ఖావ్" అని అన్నం మీదే వేయించుకోండి. తలా రెండు వేర్వేరు కూరలు చూపిస్తే బల్ల మీదకు చాలా రకాలు వస్తాయి, అందరూ అన్నీ రుచి చూడవచ్చు.

వేళ తప్పకూడదు. ఈ కూరలన్నీ పొద్దున్నే వండేస్తారు. పదకొండూ పన్నెండున్నర మధ్య వెళ్తే ట్రేలు నిండుగా ఉంటాయి, ఖాళీ అయినవి మళ్లీ నిండుతుంటాయి. రెండు దాటాక వెళ్తే అడుగున నూనె తేలిన ఒకటి రెండు కూరలే మిగులుతాయి.

లెక్క కావాలంటే: పొద్దున 160, మధ్యాహ్నం 260, సాయంత్రం పండ్లకు 60, రాత్రి 350. మొత్తం 830.

పప్పన్నం
లెక్క కాగితం మీద బాగానే ఉంది. కానీ ప్రయాణంలో పెద్దావిడా చిన్నపిల్లాడూ ఉన్నారు. ఎండ, వాహనాల పొగ, మూత లేని ట్రేలు. ఒక్కరికి కడుపు చెడినా ఆస్పత్రి ఖర్చు ముందు ఆ బఫేయే చవక. మా అన్నయ్య కుటుంబం పట్టాయా వెళ్లి సగం సెలవులు హోటల్ గదిలో పడుకునే గడిపింది. చిన్న రైస్ కుక్కర్, కందిపొడి, ఆవకాయ పట్టుకెళ్లండి. పెరుగు ప్రతి దుకాణంలోనూ దొరుకుతుంది.

ఓరుగల్లు బాటసారి
పప్పన్నం గారు, మీ అన్నయ్యగారు వాళ్లు ఏం తిన్నారు?

పప్పన్నం
సముద్రం ఒడ్డున బండి మీద పచ్చి ఆల్చిప్పలు, నిమ్మరసం పిండి ఇచ్చారట.

ఓరుగల్లు బాటసారి
పచ్చివి ఎంత పెద్ద హోటల్లో తిన్నా ప్రమాదమే కదండీ. ఆ నిందను సంత మొత్తం మీద వేయకండి. మరిగే పులుసులోంచి తీసి ఇచ్చే నూడుల్స్ వేరు, పచ్చి ఆల్చిప్పలు వేరు.

వంటశాల మిత్ర
హోటల్ వంటశాలే నా బతుకుతెరువు కాబట్టి ఈ సంగతి కాస్త వివరంగా రాస్తాను. పప్పన్నం గారి భయాన్ని కొట్టిపారేయకూడదు, అలాగని ఆయన చెప్పినట్టు కుక్కర్ మోసుకెళ్లాల్సిన పనీ లేదు.

మూత ఉందా లేదా అన్నదానికంటే ఆ కూర ఎంతసేపు అక్కడ ఉంటోంది అన్నది ముఖ్యం. వండినది గోరువెచ్చగా గంటల తరబడి నిలిచినప్పుడే సూక్ష్మజీవులు పెరుగుతాయి. జనం ఎగబడే దుకాణంలో ట్రే నిలిచే సమయమే ఉండదు. అందుకే వరుసలో నిలబడాల్సి వచ్చినా రద్దీ ఉన్న చోటే తినండి. రెండోది, రాత్రి పూట ట్రే కూరలకంటే అడిగాక వండిచ్చే చోటు మేలు. వాటిని "ఆహాన్ తామ్ సంగ్" అంటారు. పెద్ద మంట మీద మూకుడు, మీ కళ్లముందే రెండు నిమిషాల్లో వంట. పిల్లాడికీ పెద్దావిడకూ రాత్రికి అదే సురక్షితం.

మంచు గడ్డలు చూసి భయపడేవాళ్లు చాలామంది. గొట్టంలా మధ్యలో రంధ్రం ఉన్నవి ఫ్యాక్టరీలో శుద్ధి చేసిన నీటితో తయారైనవి, అవి పరవాలేదు. ఫుడ్ కోర్టుల్లో చెంచాల పక్కన వేడినీళ్ల గిన్నె ఉంటుంది. చెంచా, ఫోర్కు అందులో ముంచి తీసుకోవాలి, అది ఉన్నదే అందుకు. కొన్ని దుకాణాల్లో ఆరోగ్య మంత్రిత్వ శాఖ వారి "క్లీన్ ఫుడ్ గుడ్ టేస్ట్" గుర్తు కనిపిస్తుంది. ఉంటే మంచిదే, లేనంత మాత్రాన చెడ్డదని కాదు.

మానాల్సినవి: పచ్చి ఆల్చిప్పలు, పచ్చి రొయ్యలు, ఉప్పులో ఊరిన పచ్చి పీతలు వేసిన బొప్పాయి సలాడ్. ఆ సలాడ్ పేరు సొమ్ తామ్. అందులో "సొమ్ తామ్ థాయ్" అనేది వేరుశనగలు, ఎండు రొయ్యలు వేసి చేస్తారు, అది తినండి. "పూ ప్లా రా" అని ఉంటే పీత, పులియబెట్టిన చేప ఉన్నట్టు. కొత్తవాళ్ల కడుపుకు అది వద్దు.

పప్పన్నం
ఇలా కారణం చెబితే ఒప్పుకుంటాను. ఆవకాయ మాత్రం పట్టుకెళ్లండి.

తులసికోట
నీలాంబరి గారు, మీ అమ్మగారి సంగతి ఇంతవరకూ ఎవరూ పట్టించుకోలేదు. నేనూ శాకాహారినే, అమ్మాయి దగ్గరకు బ్యాంకాక్ వెళ్లివస్తుంటాను.

మాంసం ముక్క కనిపించకపోతే శాకాహారం అనుకోవడం థాయ్‌లాండ్‌లో కుదరదు. తాలింపు కూరలో నామ్ ప్లా, అంటే చేపల రసం. ఎర్ర కూర, పచ్చ కూర ముద్దల్లో కపి, అంటే రొయ్యల ముద్ద. వేయించిన ఆకుకూరలో ఆల్చిప్పల సాస్. వట్టి నీళ్లలా కనిపించే చారు పంది ఎముకలు మరిగించినది. ఒట్టి కూరగాయలు చాలు అని చెబితే అవతలివాళ్లు మనసారా ఒట్టి కూరగాయలే వేస్తారు, చేపల రసం మాత్రం వేస్తారు. వాళ్లకు అది ఉప్పుతో సమానం.

దీనికి దారి "జే". చైనా మూలాలున్న థాయ్‌లు పాటించే ఆహార నియమం ఇది. మాంసం, చేప, గుడ్డు, పాలు ఉండవు, వెల్లుల్లి, ఉల్లి కూడా వేయరు. పసుపు జెండా మీద ఎర్రటి థాయ్ అక్షరాలు, దూరం నుంచి 17 అంకెలా కనిపిస్తాయి. ఆ జెండా ఉన్న ఖావ్ కేంగ్ దుకాణంలో అమ్మగారు ఏ ట్రే చూపించినా నిశ్చింతగా తినవచ్చు. ధరా మామూలే, 40-50 బాట్లు. పెద్ద సంతల్లో ఒకటైనా ఉంటుంది, ముందురోజే వెతికి పెట్టుకోండి. అడిగాక వండే చోట "కిన్ జే" అని చెబితే అర్థం చేసుకుంటారు. "మంగ్‌సవిరత్" అనే మాట కూడా ఉంది కానీ అందులో గుడ్డు రావచ్చు, కాబట్టి మీ అమ్మగారికి జే అనే మాటే సరైనది.

ఇంకొకటి, ముందే అమ్మగారికి చెప్పి ఉంచండి. జే దుకాణాల్లో సోయా, గోధుమ పిండితో అచ్చం మాంసం ముక్కల్లా, చేపలా చేసి పెడతారు. చూడగానే ఆమెకు తినబుద్ధి కాకపోవచ్చు. టోఫు, పుట్టగొడుగులు, గుమ్మడి, కాకర కూరలు పక్కనే ఉంటాయి, అవి చూపించండి.

ఓరుగల్లు బాటసారి
ఇంత పట్టింపు అవసరమా అండీ? చెంచాడు చేపల రసం కంటికి కనిపించదు, వాసనా తెలియదు. ఆవిడకు చెప్పకుండా ఉంటే సరిపోతుంది. ప్రయాణంలో అందరూ చేసేదే ఇది.

తులసికోట
అందరూ చేస్తారని అది సరైన పని కాదు బాబూ. ఆ నియమం ఆమెది, ఆమె తరఫున సడలించే హక్కు మనకు లేదు. ఉన్న విషయం చెప్పాలి. "ఇందులో చేపల రసం ఉందమ్మా" అని చెబితే తినాలో మానాలో ఆమె తేల్చుకుంటుంది. రేపు తెలిసిందంటే ఇక మీ చేతి ముద్ద నమ్మి తినదు.

సుఖుంవిత్ వాసి
తులసికోట గారితో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తాను. పైగా ఆవిడకు నియమం ప్రకారమే దొరికే ఊరు ఇది. దొరకని చోట సర్దుకోవడం గురించి మాట్లాడుకోవచ్చు, దొరికే చోట దాచిపెట్టడం ఎందుకు?

ఓరుగల్లు బాటసారి
సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. జే సంగతి నాకూ కొత్తే.

అమీర్‌పేట అనసూయ
జే పండుగ రోజుల్లో వెళ్లగలిగితే ఇంకేం కావాలి! చైనా పంచాంగంలో తొమ్మిదో నెల మొదటి తొమ్మిది రోజులు. మన శరన్నవరాత్రులు కూడా చాలా ఏళ్లలో ఆ రోజుల్లోనే వస్తాయి. 2024లో రెండూ అక్టోబర్ 3నే మొదలయ్యాయి. అధిక మాసాల లెక్క తేడా వచ్చిన ఏడు మాత్రం దూరం జరుగుతాయి. ఆ తొమ్మిది రోజులూ యావరాత్ చైనా వీధి నిండా పసుపు జెండాలే. సీలోమ్‌లో మారియమ్మన్ గుడి దగ్గర దసరా ఉత్సవం చూసుకుని, రాత్రికి యావరాత్ వెళ్లి తినవచ్చు.

నీలాంబరి
మా టికెట్లు ఫిబ్రవరికి అయిపోయాయి. జే మాట అమ్మకు చెప్పాను, చాలా సంతోషించింది. ఉల్లి వెల్లుల్లి లేని వంట బయట దొరుకుతుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు బాబు సంగతి చెప్పండి. కారం నాలుకకు తగిలితే ఇక ఆ పూట ముద్ద ముట్టడు.

ఇద్దరు పిల్లల తల్లి
ఖావ్ మన్ కాయ్. కోడిని ఉడికించిన నీళ్లలోనే అన్నం వండి, పైన మెత్తటి కోడి ముక్కలు పేర్చి ఇస్తారు. పచ్చడి విడిగా చిన్న గిన్నెలో ఉంటుంది కాబట్టి పిల్లలకు కారం తగలదు. పక్కన చారు ఉచితం. 50-60 బాట్లు. మా పిల్లలు రోజూ అదే అడిగేవారు.

గుడ్డు తింటే ఖాయ్ జియావ్ రాద్ ఖావ్ అడగండి. ఎక్కువ నూనెలో పొంగేలా వేసిన ఆమ్లెట్, కింద వేడి అన్నం. ఖావ్ కేంగ్‌లకంటే కూడా చవక. పొద్దునపూట జోక్ అనే బియ్యపు జావ దొరుకుతుంది, పంది మాంసం ఉండలు వేయవద్దని ముందే చెప్పాలి. సాయంత్రం గుంతల పెనం మీద కొబ్బరిపాలు, బియ్యప్పిండితో వేసే ఖనోమ్ ఖ్రోక్ తప్పనిసరి. లోపల చాలా వేడిగా ఉంటాయి, ఊది పెట్టండి.

"మాయ్ ఫెట్" అంటే కారం వద్దు. ఖావ్ కేంగ్ దగ్గర మాత్రం ఆ మాటతో లాభం లేదు, కూర అప్పటికే వండేసి ఉంటుంది.

ఓరుగల్లు బాటసారి
నూడుల్స్ గురించి నేను రాస్తాను, అది నాకు ప్రాణం. కుయ్‌తియావ్ బండి దగ్గర ముందు నూడుల్ ఎంచుకోవాలి: సన్నవి సెన్ లెక్, వెడల్పువి సెన్ యాయ్, గుడ్డు వేసిన పసుపువి బామీ. పులుసు కావాలంటే నామ్, పొడిగా కావాలంటే హేంగ్. మామూలు గిన్నె థమ్మదా, పెద్ద గిన్నె ఫిసెట్, సాధారణంగా 10 బాట్లు ఎక్కువ.

బల్ల మీద నాలుగు డబ్బాలు ఉంటాయి. చక్కెర, ఎండుమిరప పొడి, మిరపకాయలు ఊరిన వెనిగర్, మిరపకాయలు వేసిన చేపల రసం. వంటవాడు కావాలనే రుచిని సగంలో వదిలేస్తాడు, మిగతాది మన చేతిలో ఉంటుంది. చప్పగా ఉందని గిన్నె పక్కకు నెట్టే మనవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఆ డబ్బాలు తెరవండి! ముందు పులుసు రుచి చూసి, వెనిగర్ ఒక చెంచా, మిరప పొడి అర చెంచా, చిటికెడు చక్కెర. ఆ గిన్నె అప్పుడు మాట్లాడటం మొదలుపెడుతుంది.

విక్టరీ మాన్యుమెంట్ దగ్గర పడవ నూడుల్స్ వీధి ఉంది. రెండు మూడు గుటకలంత చిన్న గిన్నెలు, చవక, తిన్న కొద్దీ గిన్నెలు పేర్చుకుంటూ పోతారు.

సుఖుంవిత్ వాసి
బాటసారి గారు, పడవ నూడుల్స్ వీళ్లకు చెప్పేటప్పుడు ఒక విషయం కలపాలి. ఆ నల్లటి పులుసు చిక్కదనం రక్తం కలపడం వల్ల వస్తుంది. పంది, గొడ్డు రెండు రకాలూ అదే దుకాణంలో ఉంటాయి. నీలాంబరి గారు ఇష్టపడకపోవచ్చు.

గొడ్డుమాంసం గురించి: "మాయ్ కిన్ నుఆ" అని చెబితే చాలు. ఎవరూ వింతగా చూడరు. గ్వాన్ ఇన్ అమ్మవారిని కొలిచే థాయ్ చైనీయులు చాలామంది తామే గొడ్డుమాంసం మానేసి ఉంటారు. ఖావ్ కేంగ్‌లో మాత్రం ఒక కూర గరిటె పక్క ట్రేలోకి వెళ్లే అవకాశం ఉంది, పట్టింపు ఉన్నవాళ్లు గమనించుకోవాలి.

గోదారిగట్టు
ఆ ట్రేల ముందు నిలబడితే నాకు మాత్రం పరాయి దేశం అనిపించలేదు. వాళ్ల ఫక్ బుంగ్ మన తూటికూరే. మన చెరువుల్లో పెరిగేదాన్ని గొడ్లకు వేస్తాం, వాళ్లు పెద్ద మంట మీద వెల్లుల్లి, మిరపతో వేయించి అమృతం చేస్తారు. చారులో వేసే తమ్లుంగ్ ఆకు మన దొండ ఆకు. మనం కాయ తిని ఆకు పారేస్తాం, వాళ్లు ఆకు తింటారు. మరా అంటే కాకర. పచ్చ కూరలో గుండ్రటి వంకాయలు సగం ఉడికీ ఉడకనట్టు కరకరలాడతాయి. ఆ దేశం నుంచి వచ్చాక మా పెరటి దొండ ఆకు ఒక్కటీ వదలలేదు, మా ఆవిడ పాదును నా నుంచి కాపాడుతోంది.

తులసికోట
తూటికూర వేపుడు అమ్మగారికి చక్కగా సరిపోతుంది. ఆల్చిప్పల సాస్ వద్దని "మాయ్ సాయ్ నామ్ మన్ హోయ్", చేపల రసం వద్దని "మాయ్ సాయ్ నామ్ ప్లా" అనాలి. సోయా సాస్ ఒక్కటే వేస్తారు. మూకుడు మాత్రం అందరిదీ ఒకటే, ఆ సంగతి కూడా ఆమెకు చెప్పండి.

అమీర్‌పేట అనసూయ
ఫట్ కప్రావ్ గురించి ఎవరైనా చెబుతారేమోనని చూస్తున్నాను. థాయ్‌లాండ్‌లో మూలమూలనా దొరికే వంటకం, అన్నం మీద కొట్టిన మాంసం, పైన గుడ్డు. అందులో ఘుమఘుమలాడే ఆకు కప్రావ్, అది మన తులసి జాతే. మా అత్తగారు ఆ వాసన పట్టేసి ప్లేటు దూరం జరిపేశారు.

తులసికోట
నా పేరే తులసికోట, నేను చెప్పకపోతే ఎలా? కషాయంలో తులసి తాగుతాం, తీర్థంలో తీసుకుంటాం. ఆకు తినడం తప్పు కాదు. మాంసంతో కలపడం చూడలేనివాళ్లు ఉంటారు, వాళ్ల మనసు వాళ్లది. పుట్టగొడుగులు, టోఫు వేసిన జే కప్రావ్ దొరుకుతుంది, నేను ఇష్టంగా తింటాను. పచ్చ కూరలో వేసే హోరాఫా వేరే ఆకు, దానికి ఈ చిక్కు లేదు.

కొత్తగా చేరిన కోటేశ్వరి
బేరం ఆడవచ్చా? 60 అంటే 40కి అడగవచ్చా?

సుఖుంవిత్ వాసి
బట్టలకు ఆడండి. తిండికి ఆడకండి. ధర బోర్డు మీద ఉంటుంది, అందరికీ ఒకటే. ఒక ప్లేటు మీద ఆ మనిషికి మిగిలేది కొద్దిపాటి బాట్లే, ఆ ప్లేటు కోసం ఆవిడ తెల్లవారకముందే సంతకు వెళ్లి కూరగాయలు తెచ్చుకుని ఉంటుంది. మధ్యాహ్నం రద్దీలో ఒక్క ప్లేటు తీసుకుని నలుగురు బల్ల ఆక్రమించి కూర్చోవడమూ పద్ధతి కాదు. తిన్న వెంటనే లేవాలి. ఖాళీ లేకపోతే పరిచయం లేనివాళ్ల బల్ల దగ్గరే కూర్చోవచ్చు, ఇక్కడ అది మామూలు.

చిల్లర దగ్గర ఉంచుకోండి. పొద్దున్నే 1,000 బాట్ల నోటు ఇస్తే బండి వాళ్లు ఇబ్బంది పడతారు. ఏదైనా పెద్ద కిరాణా దుకాణంలో నీళ్ల సీసా కొని మార్చుకోండి.

నిర్వాహకుడు
వీసా, కరెన్సీ మార్పిడి ప్రశ్నలను వేరే చర్చలోకి మార్చాను. ఇక్కడ తిండి గురించే.

నీలాంబరి
ఇంతకీ ఏ సంతలకు వెళ్లాలో చెప్పండి. టూరు వాళ్ల కాగితంలో డామ్నోయెన్ సదువాక్ తేలే సంత, ఖావ్ సాన్ రోడ్డు ఉన్నాయి.

ఓరుగల్లు బాటసారి
ఆ రెండూ చూడటానికి, తినడానికి కాదు. ఖావ్ సాన్‌లో ఫట్ థాయ్ (వేయించిన నూడుల్స్) పర్యాటకుల కోసం తీపి ఎక్కువ చేసి పెడతారు.

సుఖుంవిత్ వాసి
నా మాట వింటే ఇవి:

వాంగ్ లాంగ్. రాజప్రాసాదం చూశాక ఎండకు నీరసించి ఉంటారు. థా ఫ్రా చాన్ రేవు నుంచి కొద్ది బాట్లిచ్చి నది దాటండి. 1888లో మొదలైన సిరిరాజ్ ఆస్పత్రి పక్కనే ఇరుకు సందుల సంత. నర్సులు, వైద్య విద్యార్థులు, రోగుల బంధువులు తినే చోటు కాబట్టి ధర పెంచితే నడవదు, రుచి తగ్గినా నడవదు. దక్షిణ థాయ్ కూరలు అక్కడ బాగుంటాయి, పసుపు రంగు ఉన్నవాటిలో కారం తీవ్రం. పగటి సంత, రాత్రికి వెళ్లకండి.

సీలోమ్ 5వ సందులో లలాయ్ సప్. ఆఫీసు వాళ్ల మధ్యాహ్న సంత, పనిదినాల్లోనే. మారియమ్మన్ గుడికి వెళ్లిన రోజు అక్కడే తినేయండి.

శనాదివారాల్లో తేలే సంత కావాలంటే తాలింగ్ చాన్ వైపు ఖ్లోంగ్ లాత్ మయోమ్. బ్యాంకాక్ కుటుంబాలు పిల్లలతో వచ్చి చాపల మీద కూర్చుని తినే చోటు. డామ్నోయెన్ సదువాక్ ఫోటోల్లో అందంగా ఉంటుంది, తినడానికి మాత్రం ఇదే.

మొదటి రోజు అలసటగా ఉంటే ఆశోక్‌లో టెర్మినల్ 21 మాల్ ఐదో అంతస్తుకు వెళ్లండి. పియర్ 21 ఫుడ్ కోర్టు. ఏసీ మాల్ అయినా ధరలు సంత ధరలే. కౌంటరులో డబ్బు కట్టి కార్డు తీసుకోవాలి, మిగిలింది తిరిగి ఇచ్చేస్తారు. శాకాహార కౌంటరు కూడా ఉంది. అమ్మగారికి అలవాటు పడటానికి అదే సరైన మొదలు.

పప్పన్నం
ఆ ఏసీ ఫుడ్ కోర్టు నాకు నచ్చింది. దీన్ని ముందే చెప్పి ఉంటే నేను అంత వాదించేవాణ్ణి కాదు.

గోదారిగట్టు
చాతుచాక్ వారాంతపు సంత పక్కనే ఓర్ తోర్ కోర్ సంత ఉంది. పండ్లు చూస్తే కళ్లు చెదురుతాయి, ధర చూసినా అంతే. దురియన్ అక్కడ కొనవద్దు, కళ్లతో తినండి చాలు.

వంటశాల మిత్ర
ఓర్ తోర్ కోర్‌లో పండ్లు ఖరీదే, ఒప్పుకుంటాను. కానీ లోపల భోజనాల వైపు ఖావ్ కేంగ్‌లు మరీ ఎక్కువేం కాదు, శుభ్రత చాలా బాగుంటుంది. పప్పన్నం గారి లాంటి వారికి సరిగ్గా సరిపోయే సంత.

చియాంగ్‌మై చెలిమి
అందరూ బ్యాంకాక్ చుట్టే తిరుగుతున్నారు. ఉత్తరాన చియాంగ్ మై ఇంకా చవక. వరోరోత్ సంతలో నామ్ ఫ్రిక్ నుమ్ అమ్ముతారు. పచ్చిమిర్చి, ఉల్లి, వెల్లుల్లి నిప్పుల మీద కాల్చి రోట్లో దంచినది, మన రోటి పచ్చడికి అక్కచెల్లెలే. ఆవిరి మీద ఉడికించిన కూరగాయలు, 10 బాట్ల జిగురన్నం పొట్లం కొనుక్కుని ముద్దలు చేసి అద్దుకుని తింటే ఆ పూటకు ఇంకేమీ అక్కర్లేదు. కొందరు పులిసిన చేప కలుపుతారు, శాకాహారులు అడిగి తెలుసుకోవాలి. ఖావ్ సోయ్ కూడా వదలకండి, కొబ్బరిపాల పులుసులో గుడ్డు నూడుల్స్, పైన అవే నూడుల్స్ కరకరలాడేలా వేయించి వేస్తారు.

కొత్తగా చేరిన కోటేశ్వరి
నీళ్ల ఖర్చు ఎవరూ లెక్కలో వేయలేదు.

ఇద్దరు పిల్లల తల్లి
చాలా దుకాణాల్లో స్టీలు గ్లాసులు, నీళ్లు పెట్టి ఉంటాయి, కొన్నిచోట్ల ఉచితం, కొన్నిచోట్ల మంచుకు ఒకటి రెండు బాట్లు. నివాస వీధుల్లో నీళ్ల యంత్రాలు ఉంటాయి, నాణెం వేస్తే లీటరు సుమారు ఒక బాటుకు వస్తుంది. రెండు పెద్ద సీసాలు వెంట ఉంటే రోజుకు 50 బాట్లైనా మిగులుతాయి, ఆ డబ్బుతో కోసిన జామ, పచ్చి మామిడి కొనుక్కోవచ్చు. పొట్లంలో ఉప్పు, కారం, చక్కెర కలిపిన పొడి ఇస్తారు.

అమీర్‌పేట అనసూయ
సోమవారం వీధి బండ్లు చాలా తక్కువ ఉంటాయి, ఆ రోజు లోపలి సంతో ఫుడ్ కోర్టో పెట్టుకోండి. మామిడి జిగురన్నం ఫిబ్రవరిలో దొరుకుతుంది కానీ అసలు రుచి ఏప్రిల్, మే నెలల్లోనే.

నీలాంబరి
తిరుగు ప్రయాణం సువర్ణభూమి నుంచి మధ్యాహ్నం. విమానాశ్రయంలో నలుగురికి భోజనమంటే మళ్లీ బఫే ధరేనా?

సుఖుంవిత్ వాసి
కాదు. బయలుదేరే హాలు నాలుగో అంతస్తు. సామాను అప్పగించాక లోపలికి వెళ్లకుండా లిఫ్టులో మొదటి అంతస్తుకు దిగి 8వ గేటు వైపు నడవండి. విమానాశ్రయ సిబ్బంది తినే ఫుడ్ కోర్టు కనిపిస్తుంది. ముందే డబ్బు కట్టాలి, మిగిలింది తిరిగి ఇస్తారు. పైన ఒక్క శాండ్‌విచ్‌కు అయ్యే డబ్బుతో కింద ఇద్దరు భోజనం చేయవచ్చు. పన్నెండుకు సిబ్బంది రద్దీ మొదలవుతుంది, పదకొండుకే వెళ్లండి. జే వంటకం ఏమైనా ఉందేమో ప్రతి కౌంటరులోనూ అడగండి. లేదంటే అమ్మగారికి తెల్ల అన్నం ఒక ప్లేటు కొని, పప్పన్నం గారి ఆవకాయ తీయండి.